మంగ్లవ్వ ఇంకు డబ్బాతో జనగామ నుంచి భూపాలపల్లి దాకా

ఒక సంతకం కోసం మూడు ఊళ్లు తిరిగిన కథ ఇది. తరిగొప్పుల దగ్గర మా ఊరి వెనక సర్కారు అడవి ఉంది. వానలకు గుట్ట మట్టి కొట్టుకుపోతుంటే నలభై మందిమి ప్రతి ఆదివారం కూలి మానుకుని వెళ్లి కందకాలు తవ్వాం. ఊరివాళ్లు చేసిన పనికి లెక్కకట్టి, అంతే సొమ్ము తానూ కలిపే సర్కారు పథకం ఒకటుండేది. ఆ సొమ్ము వస్తే అడవిలో వాగుకు రాతికట్ట కట్టుకోవచ్చు. పథకం చూసే సారు వచ్చి కందకాలన్నీ తిరిగారు, మెచ్చుకున్నారు, జొన్నరొట్టెలు నాలుగు తిన్నారు, మా వేలిముద్రలున్న దరఖాస్తు చివరి పేజీలో సంతకం మాత్రం మరిచిపోయారు. వడ్డించే సందడిలో మేమూ అడగలేదు. ఈ సంగతి బయటపడేసరికి గడువు ఒక్కరోజే మిగిలింది. మర్నాడు సాయంత్రం ఐదు దాటితే గ్రాంటూ లేదు, కట్టా లేదు. అప్పుడేమో తెలంగాణ ఉద్యమం జోరుగా ఉంది, బస్సులు డిపోలు దాటడం లేదు.

రైళ్లు ఆగే రోజు ఇంకా రాలేదు కాబట్టి ఉదయం ఐదున్నరకు జనగామలో ప్యాసింజర్ ఎక్కాం, నేనూ మా కమిటీ పెద్ద మంగ్లవ్వా. తండా మనిషి, అరవై దాటాయి. చదువు రాదు గానీ ఏ ఆదివారం ఎవరు ఎగ్గొట్టారో వరసగా చెప్పగలదు. ఆమె సంచిలో హాజరు పుస్తకంతో పాటు వేలిముద్రల ఇంకు డబ్బా కూడా కనబడింది.

“ముద్రలన్నీ అయిపోయినయ్ గదా అవ్వా, గిదెందుకు?”

“గడ్డపార ఇంట్ల పెట్టి కందకం తవ్వవోతమా బిడ్డా?”

సారు ఆఫీసున్న మహబూబాబాద్‌లో తొమ్మిదికి దిగాం. స్టేషన్ బయట ఇడ్లీ ప్లేటు పది రూపాయలు. ఆఫీసులో వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. “సారు లేడన్నా. భూపాలపల్లి ఇంచార్జి గూడ ఆయనకే ఇచ్చిండ్రు. నిన్ననే వొయిండు.”

“మళ్ల ఎప్పుడొస్తడు?”

“తెలంగాణ అచ్చినంక.”

అటు వెళ్లే బండి ఒక్కటే దొరికింది. కోళ్లు దించేసి ఖాళీ జాలీ గూళ్లతో పోతున్న వ్యాను. డ్రైవర్ మనిషికి రెండు వందలన్నాడు.

“కోడికెంత తీస్కుంటవ్ కొడకా?” అంది మంగ్లవ్వ.

“కోడికి టికెట్ ఉండదవ్వా.”

“మరి మమ్ముల గూడ జాలీల్నే ఎక్కిస్తున్నవ్ గదా!”

ఇద్దరికీ కలిపి నూటయాభైకి తేలింది. వాసన ఉచితం.

పన్నెండుకు నర్సంపేట దగ్గర వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అందరూ కూర్చుని తినే నిరసన అది. నేను గరిటె పట్టుకున్న పెద్దమనిషి దగ్గరికి వెళ్లాను. “జర పోనియ్యే అన్నా, ఐదు లోపు భూపాలపల్లిల ఉండాలె.”

“పోనిస్తం. తిన్నంక పోనిస్తం.”

“ఆకలి లేదే.”

“తెలంగాణ వద్దా ఏంది నీకు?”

కూర్చుని తిన్నాం. అంతటితో పోయేది, మంగ్లవ్వ పప్పుచారులో ఉప్పు తక్కువైందని తీర్పు చెప్పింది. రెండో గుండిగ దించేదాకా ఆమెను రుచి చూసే పనిలో పెట్టారు. గంటన్నర అక్కడే పోయింది.

ములుగు మీదుగా భూపాలపల్లి ఆఫీసు చేరేసరికి నాలుగూ నలభై. సారు ఉన్నారు. సిబ్బందీ ఉన్నారు. అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. పెన్నులన్నీ ఒక చాయ్ గ్లాసులో వేసి పైన రుమాలు కప్పారు.

“మీ రొట్టెలు ఇంకా యాదికున్నయ్!” అన్నారు సారు.

“సంతకం యాదికి రాలే సారూ,” అన్నాను.

విషయం వినగానే ఆయన ముఖం మాడిపోయింది. “పెన్‌డౌన్ నడుస్తున్నది. ఆఫీసుకొస్తం గని పెన్ను ముట్టం. అందరికన్న ముందు చెయ్యెత్తింది నేనే. ఇప్పుడు నేనే పట్టుకుంటే వీళ్ల మొకం ఎట్ల సూడాలె?”

సమ్మె విరమించమని అడగడానికి నాకూ నోరు రాలేదు. గడియారం నాలుగూ నలభై ఎనిమిది. అప్పుడు మంగ్లవ్వ సంచిలోంచి డబ్బా తీసి, మూత తెరిచి, టేబుల్ మీద ఆయన ముందుకు జరిపింది.

“పెన్ను ముట్టకు సారూ. ఏలు పెట్టు. మేమంత గిట్లనే ఏసినం.”

మూలనున్న గుమాస్తా నెమ్మదిగా అన్నాడు: “పెన్‌డౌన్ల వేలు ముచ్చట రాలే సార్.”

ఎమ్మెస్సీ చదివిన సారు తన బొటనవేలిని కొత్తగా చూసుకుని, ఇంకులో ముంచి, గట్టిగా ఒత్తారు. అలుక్కుపోయింది.

“ఒత్తుడు కాదు, గిట్ల పొర్లియ్యాలె,” అంటూ మంగ్లవ్వ ఆయన వేలు పట్టి రెండో ముద్ర వేయించింది. “ఎంత చదివితె ఏంది, గిది రాదాయె!”

వేలిముద్ర పక్కన అది ఎవరిదో మరొకరు రాయాలి కదా. రాయడం వచ్చీ సమ్మెలో లేనిది నేనొక్కడినే. ఏడో తరగతి చదువుతో రాశాను: ‘ఇది సారు ఎడమ బొటనవేలు. నా ఎదుట వేశారు.’ కింద నా సంతకం. గుమాస్తా తేదీ స్టాంపు కొట్టాడు. నాలుగూ యాభై ఆరు.

గ్రాంటు వచ్చింది, కట్ట లేచింది. ఇప్పుడు ఆ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి, కోళ్ల వ్యాను అవసరం లేకుండా బస్సుల్లోనే వెళ్లొచ్చు. చదువురాని వాళ్ల ముద్రల పక్కన పేర్లు ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. నాకంటే ఎక్కువ చదివినాయనకు రాసింది మాత్రం ఆ ఒక్కసారే. ఎండాకాలంలో కూడా కట్ట దగ్గర మోకాలి లోతు నీళ్లు చూసినప్పుడు ఆ పేజీ గుర్తొస్తుంది. అన్ని ముద్రల్లో సారుది వెతకడం తేలిక, అలుక్కుపోయింది అదొక్కటే.

మీరూ ఇలాంటి గ్రాంటు కోసం తిరగబోతుంటే ఒక్క మాట: సారుతో సంతకం పెట్టించాకే రొట్టె పెట్టండి.