అందాజ చెప్పిన సారు

కరీంనగర్ కాలేజీలో నేను పీయూసీ చదివేటప్పుడు మా కెమిస్ట్రీ సారు లెక్క అయిపోగానే "గిదంత అందాజే, సుమారు లెక్కనే" అనేవారు. పాత బంధాలు తెంచడానికి పట్టిన శక్తి, కొత్త బంధాలు కలిస్తే వచ్చిన శక్తి రెండూ పోల్చి, చర్యలో వేడి పుట్టిందో పోయిందో తేల్చేవారు. తెంచితేనే వేడి రావాలి గదా అని నాకు తికమక. పరీక్షలో అంతా తలకిందులుగా రాసి ఫెయిలయ్యాను.

బాపు చదువు మాన్పించి నన్ను జమ్మికుంటకు తీసుకొచ్చాడు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం సారు బస్సు దిగి మా ఇంటికొచ్చారు.

"మళ్ల పరీక్షున్నది. బిడ్డను పంపుండ్రి," అన్నారు.

"పంపితే పాసైతదా సారూ?" అని అడిగాడు బాపు.

అవుతుందంటే సరిపోయేది. సారు అలా అనలేదు.

"అయితదనే అనుకుంటున్న. గని అందాజే. ఖాయంగ చెప్పలేను."

నాకు ఏడుపొచ్చింది. బాపు మాత్రం లోపలికెళ్లి, "గీ సారు అబద్ధం చెప్తలేడు. పిల్ల పెట్టె సదురు," అన్నాడు అవ్వతో.

బస్సులో ఉండబట్టలేక అడిగాను. "పాసైతదని చెప్పొచ్చు గద సార్?"

"నాకు తెల్వదు గదమ్మా. అసలు మీ బాపు ఒప్పుకుంటడని గుడ అనుకోలే," అన్నారు.

నేను పాసయ్యేసరికి ఆయన ఆదిలాబాద్‌కు బదిలీ అయ్యారు. నేను పాసవుతానని ఖాయంగా తెలియకుండా, బాపు ఒప్పుకుంటాడన్న ఆశ లేకుండా, ఆ ఎండలో అంత దూరం ఎందుకొచ్చారో నాకింకా అర్థం కాలేదు.