అక్క కంఠతా పట్టని బోర్డు

మా అక్క ఇరవై రెండేళ్లుగా కళ్లజోళ్ల షాపు నడుపుతోంది. లోపలి గదిలో కళ్లు పరీక్షించేది ఆమె, ముందు బల్ల దగ్గర ఫ్రేములు అమ్మేది నేను. కుర్చీలో కూర్చున్నది ఎంతటివాళ్లయినా సరే, ఆమె ముందుగా చెప్పేది ఒకటే. "కనిపించింది చదవండి. కనిపించకపోతే తెలియదనండి. ఊహించి చెప్పారో, కళ్లజోడు కూడా అలాంటిదే వస్తుంది."

అలాంటి మనిషి ఒక్క నెలలో తనకోసం నాలుగు కళ్లజోళ్లు చేసుకుంది.

"మళ్లీ ఏమైందక్కా?"

"నడుస్తుంటే ఎదురు షాపు బోర్డు ఎగురుతోందే. నేను ఆగితే అదీ ఆగుతోంది. అద్దం సరిగ్గా కూర్చోలేదేమో."

"నాలుగింటికీ కూర్చోలేదా?"

"నువ్వు ఫ్రేములు తుడువు."

మూడేళ్ల క్రితం ఆమెకు ఎడమ చెవి మందగిస్తే స్కాన్ తీశారు. చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం మీద చిన్న గడ్డ ఉంది. క్యాన్సర్ కాదు, ఏటా స్కాన్ తీసి పెరిగిందో లేదో చూద్దాం అన్నారు డాక్టరు. అక్క దానికి 'అద్దెకున్నాయన' అని పేరు పెట్టింది. "ఇంకో గది అడుగుతాడేమో కనుక్కొస్తా" అంటూ నవ్వుతూనే స్కాన్‌కి వెళ్లొచ్చేది.

ఈ ఏడాది స్కాన్ దగ్గరపడుతుంటే మాత్రం నవ్వలేదు. వచ్చినవాళ్లెవరినీ రానివ్వకుండా లోపలి గదికి తాళం వేసేసింది. "నా కళ్ల మీదే నాకు నమ్మకం లేనప్పుడు ఇంకొకళ్ల కళ్లు ఎలా చూడను? గడ్డ కళ్ల దాకా వచ్చిందంటే ఇక ఈ గది మూసెయ్యడమే" అంది. ఆ గది లేకపోతే మా అక్క ఏమైపోతుందో నాకు తెలుసు.

"లోపల గోడకున్న నీ అక్షరాల బోర్డు నువ్వే ఒకసారి చదివి చూడు."

"రోజూ చదువుతూనే ఉన్నా. కూర్చున్నా, నడుస్తున్నా చివరి వరస దాకా వస్తోంది. అందుకే కదా అద్దాలను అనుమానిస్తున్నాను!"

వీధిలో చేటంత అక్షరాలు ఎగిరిపోతుంటే, గదిలో ఆవగింజంత అక్షరాలు ఎలా వస్తున్నాయి? ఒక్క క్షణం ఆలోచించి ఆమెను కళ్లు మూసుకోమన్నాను.

"ఇప్పుడు చివరి వరస చెప్పు."

గడగడా అప్పజెప్పసాగింది. సగంలో ఆగి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఇరవై రెండేళ్లుగా అదే బోర్డు కదే!"

వెంటనే స్కేలు, నల్ల పెన్ను తీసి కొత్త బోర్డు రాశాను. కొలతలు పాతవే, అక్షరాలు మాత్రం మార్చాను. కదలకుండా కూర్చుని ఎనిమిది వరసలూ చదివేసింది. "నీ చేతిరాత మాత్రం ఏ అద్దానికీ బాగుపడదు" అని దెప్పింది కూడా. తరువాత నేను వెనకాల నిలబడి, ఆమె తల రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ చదవమన్నాను. మూడో వరస దాకా వచ్చింది. నాలుగోదాంట్లో తడబడింది.

"మ... కాదు, య..."

"ఊహించకక్కా."

కళ్లు చికిలించి ఇంకోసారి చూసింది. చివరికి "తెలియదు" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడింది. "అయితే తల కదిలితేనే! కంట్లో తప్పు లేదే! ఏదీ, నువ్వు కూర్చో." నా తల తిప్పింది. నేను ఎనిమిదీ చదివేశాను. "రాసింది నువ్వే, చెల్లదు పో" అంది.

ఆ బోర్డును చుట్టి చంకలో పెట్టుకునే స్కాన్‌కి వెళ్లింది. గడ్డ పెరగలేదు. తల కదిలినప్పుడు చూపును నిలిపి ఉంచేది కూడా చెవి వైపు నుంచి వచ్చే నరమేనట, ఎడమ వైపు అది బలహీనపడిందట. ఒక అక్షరం మీదే చూపు నిలిపి తల తిప్పుతూ రోజూ సాధన చేయమన్నారు డాక్టరు. తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేనన్నారు.

"నేను కళ్లు పరీక్షించొచ్చా?"

"కూర్చునేగా పరీక్షిస్తారు? తల కదపకుండా చూడండి, చాలు."

వారానికో కొత్త బోర్డు రాయలేక నా వేళ్లు పడిపోతున్నాయి. నాలుగు రోజుల్లో కంఠతా పట్టేస్తుంది మహాతల్లి! ఇప్పుడు తల తిప్పుతూ అయిదో వరస దాకా వస్తోంది. ఎదురు షాపు బోర్డు ఇంకా ఎగురుతూనే ఉంది.

గది తాళం తీసిన రోజు, మొదటగా ఒక రిటైరైన మాస్టారు వచ్చి కూర్చున్నారు. ఆరో వరస దగ్గర ఆగిపోయి, సిగ్గుపడి, ఏదో ఒక అక్షరం అనేయబోయారు. మామూలుగా అయితే అక్క చేతిలో చీవాట్లు తినేవారే. నేను తలుపు దగ్గరే నిలబడి విన్నాను.

"తెలియదనండి మాస్టారూ, ఏం కాదు" అంది అక్క. "మొన్న నేనూ అన్నాను."