వెనక్కి జారిన మడమ

ఈ ఉదయం తిరుపతిలోని నా అద్దె గదిలో కటా చేస్తుంటే రెండో మలుపులో మడమ గచ్చు మీద సర్రుమని గీసుకుంది. కొబ్బరిచిప్పతో గోడను గీకినట్టు చిన్న శబ్దం. అక్కడే ఆగిపోయాను. ఎదురుగా లేని ప్రత్యర్థులను ఉన్నట్టు ఊహించుకుని, ఒక్కరే వరుసగా చేసే దెబ్బలనూ అడ్డులనూ మలుపులనూ కరాటేలో కటా అంటారు. ప్రతి అడుగూ ముందే నిర్ణయమై ఉంటుంది. అందులో లేని అడుగును కాలు వేసిందంటే దానికి కారణం ఎక్కడో ఉండి తీరాలి. ఈ అనుమానం పుట్టుకతో వచ్చింది. దాన్ని ఎటు తిప్పుకోవాలో నేర్పింది మాత్రం ఖాదర్ మాస్టర్.

చిత్తూరులో ఆయన పరుపులు కుట్టేవారు. ఉదయం పూట ఒక మామిడి మండీ షెడ్డులో పదకొండు మందికి కరాటే నేర్పేవారు. నేనప్పుడు పాలిటెక్నిక్‌లో ఉన్నాను. మామిడి సీజను రాగానే షెడ్డు నిండా కాయల క్రేట్లు పడేవి, మా క్లాసు ఆగిపోయేది. “ఇంట్లోనే చెయ్యండప్పా. సాప పరిసేంత జాగా సాలు. అడుగు చిన్నది వెయ్యి, నడుం మాత్రం పూర్తిగా తిప్పు” అనేవారు. మా ఇంటి నడిమి గదిని టేపుతో కొలిచాను. బీరువా పోను ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మిగిలింది. సుద్దముక్కతో గీతలు గీసుకుని వేసవంతా అందులోనే తిరిగాను.

డ్రాయింగు నోటుబుక్కు చివరి పేజీలో మాస్టర్ మీద నా అనుమానాల జాబితా ఉండేది. ఒకటి, తన సర్టిఫికెట్ ఎప్పుడూ చూపించరు. రెండు, వేరే మాస్టర్ల ముందు కటా చెయ్యరు. మూడోది పెద్దది: నాలుగో మలుపుకు ముందు ఆయన కుడి మడమ అరడుగు వెనక్కి జారుతుంది. ఏడు రోజులు లెక్కపెట్టాను, ఏడు రోజులూ జారింది. ఫోన్లో చూసిన ఏ వీడియోలోనూ ఆ అడుగు లేదు.

ఒకరోజు అడిగేశాను.

“యాడ? నేనెప్పుడప్పా యనక్కి పోయినా?” అంటూ అక్కడికక్కడే చేసి చూపించారు. మడమ సర్రుమంది. “సూడు, యాడుండాది?”

“వీడు అద్దంలో తన మొగాన్నే నమ్మడు మాస్టర్” అన్నాడు నాతో నేర్చుకునే శీను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కళ్ళెదుటే చేసి, చెయ్యలేదనే మనిషి అబద్ధాలకోరైనా అయ్యుండాలి, సగం నేర్చినవాడైనా అయ్యుండాలి. నా బ్రౌన్ బెల్టు పరీక్ష అలాంటి మనిషి చేతిలో ఉంది.

సీజను అయిపోయాక తిరుపతిలో పరీక్ష జరిగింది. వీడియోలో ఉన్నట్టే చెయ్యాలని నిశ్చయించుకుని వెళ్ళాను. పెద్ద హాలు, చుట్టూ ఖాళీ. నాలుగో మలుపు దగ్గర నా మడమ దానంతటదే వెనక్కి జారింది.

“ఆ అడుగు నీకెవరు నేర్పారు?” అన్నాడు పరీక్షకుడు.

గోడ పక్కన నిలబడిన మాస్టర్ వైపు చెయ్యి చూపించాను.

“లేదు సార్, నేను నేర్పలా” అన్నారాయన అందరి ముందూ. నాకు బెల్టు రాలేదు. చిత్తూరు బస్సులో ఆయన ముందు సీట్లో, నేను చివరి సీట్లో కూర్చున్నాం.

మర్నాడు ఆయన ఇంటికి వెళ్ళాను, సాక్ష్యంతో. షెడ్డు స్తంభం చాటు నుంచి ఆయనకు తెలియకుండా తీసిన వీడియో అది. మూడుసార్లు చూశారు. లేచి, ఆ ఒక్క గదిలో దూది మూటలను పక్కకు జరిపి కటా మొదలుపెట్టారు. నాలుగో మలుపు. మడమ జారింది. ఈసారి ఆయన ఆగి కిందికి చూశారు. నేనూ చూశాను. ఎర్ర గచ్చు మీద నాలుగు మంచం కోళ్ళ మచ్చలున్నాయి. ఆయన కాలి వేళ్ళు సరిగ్గా ఒక మచ్చకు ఇవతల ఆగి ఉన్నాయి.

“అమ్మ మంచం ఈడుండె” అన్నారు మెల్లగా. మంచాన పడిన తల్లిని చూసుకుంటూ, కాళ్ళ వైపున్న ఆ కాస్త చోటులోనే ఏళ్ళ తరబడి సాధన చేశారట. “ఆమె పొయ్యి ఎన్నేండ్లో ఆయ. మంచం గూడా ఇచ్చేస్తిని. కాలికి మాత్రం ఎవురూ సెప్పలేదప్పా.”

సిగ్గుపడుతూ చెప్తున్నాను, అప్పటికీ నేను నమ్మలేదు. వంగి, మచ్చకూ మచ్చకూ మధ్య దూరాన్ని జానతో కొలిచాను. మంచం కొలతే.

“కొలువు, కొలువు. నీ అనుమానం పాడుగాను!” అని నవ్వారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా.

మరుసటి ఉదయం షెడ్డులో అందరినీ నిలబెట్టి, “హాల్లో వీడు సెప్పిందే నిజం. తెలీక ఆడినా అబద్ధం అబద్ధమే” అన్నారు. పరీక్షకుడికీ ఫోన్ చేసి అదే మాట చెప్పారు. తర్వాత ఒక క్రేటును బోర్లించి నన్ను కూర్చోమన్నారు. “ఈడ కూసో. నా కాలు యనక్కి పోతే గట్టిగా అరువు.” రెండు వారాలు అరిచాను. నేను అరిచిన ప్రతిసారీ ఆయన మొదటి నుంచి మొదలుపెట్టేవారు. ఎదుటివాళ్ళ మీద పెట్టిన కన్నును నా కాళ్ళ మీద కూడా పెట్టాలని నాకు ఆ క్రేటు మీదే తట్టింది. తర్వాతి పరీక్షలో బెల్టు వచ్చింది. జాబితా పేజీ మాత్రం ఇంకా ఉంది. మొదటి రెండు అనుమానాలూ అడగకుండానే మిగిలిపోయాయి.

ఈ ఉదయం కూడా వీడియో తీసి ఆయనకు పంపాను. కాసేపటికి ఫోన్లో ఆయన గొంతు వచ్చింది: “రెండో మలుపులో ఎందుకురా అట్ల ముడుసుకుంటావు? ఆడేం పెట్టుకున్నావు?”

ఆ చోట చూశాను. ఏమీ లేదు. ఉన్నవన్నీ లెక్కపెట్టాను: పరుపు, నీళ్ళ క్యాను, కరెంటు పొయ్యి. మూడూ అవతలి గోడ పక్కనే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. నేను ఎనిమిది నెలల కిందట ఖాళీ చేసిన గదిలో గ్యాస్ సిలిండర్ సరిగ్గా అక్కడే ఉండేది.

సుద్దముక్క తీసుకుని, మోకాళ్ళ మీద వంగి, ఆ చోట గచ్చు మీద రాశాను: ‘ఇక్కడ సిలిండర్ లేదు.’