తిప్పిన ఎక్స్‌రే

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడుకు వచ్చేసరికి మూడు కోర్సుల టీబీ మందులు మింగింది. తొమ్మిదిసార్లు కఫం పరీక్షకిస్తే ఒక్కసారీ ఆ క్రిమి కనబడలేదు. నేను యూనివర్సిటీలో మార్కులు కూడే గుమస్తాను. పదో తరగతి దాటలేదు, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. సున్నా వస్తే సున్నా అనే రాస్తాను.

ఆ ఏడు పరీక్షలకు ముందు కాలేజీవాళ్లు ఒక మాట చెప్పారు. టీబీ తగ్గిందని చీటీ తెస్తే హాల్లో కూర్చోవచ్చు, లేకపోతే వరండాలో ఒంటరిగా రాయాలి.

"కుక్కల పక్కన కూసోని రాయాల్నా నాయినా?" అంది అమ్మాయి.

ఆమె నాలుగు ఎక్స్‌రేలూ కిటికీకి అడ్డం పెట్టి చూశాను. తార్నాకలో మా డాక్టరు ప్రతిసారీ ఫిల్మును లైటు ముందు పెట్టి, గుండె కుడి పక్కన కనబడేసరికి "మళ్ల ఉల్టా పెట్టిండు" అని ఎక్స్‌రే తీసినవాణ్ణి తిట్టి, తిప్పేవాడు. తిప్పగానే కుడి పక్కను చూపే చిన్న అక్షరం కూడా తిరగబడేది. తప్పు చేసేవాడు ఒక్కోసారి ఒక్కో వైపు చేస్తాడు. నాలుగుకు నాలుగూ ఒకే వైపు పడితే అది తప్పు కాదు.

మర్నాడే అమ్మాయిని తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

"తిప్పకుర్రి సార్. అక్షరం చూడుర్రి."

"డాక్టర్ నువ్వా, నేనా?"

"మీరే సార్. గందుకే గుండె ఎటున్నదో ఇనుర్రి."

నవ్వుతూ స్టెతస్కోపు ఎడమ పక్క పెట్టాడు. కొంచెం జరిపాడు. కుడి పక్కకు తెచ్చాక నవ్వు ఆగిపోయింది. చాలాసేపు విని, అలవాటుగా తిప్పిన ఫిల్మును తనే మళ్లీ అక్షరం సరిగ్గా కనబడేలా పెట్టాడు.

"చిన్నప్పటి నుంచి ముక్కు కారుతనే ఉన్నదా?"

"ఒక్కరోజు ఆగలే సార్."

ఊపిరి గొట్టాల్లో కఫాన్ని పైకి ఊడ్చే సన్నటి నూగు ఈమెకు పుట్టుకతోనే సరిగా కదలదట. గుండె కుడి పక్కకు పడిందీ ఆ లోపం వల్లేనట. కఫం లోపలే నిలిచి మామూలు క్రిములే చేరి, మందులకు తగ్గి, మళ్లీ చేరతాయట. తల్లి నుంచి ఒక వంతు, తండ్రి నుంచి ఒక వంతు వస్తేనే ఇది వస్తుందన్నాడు. పూర్తిగా పోదు, పక్కవాళ్లకు అంటదు. మా ఆవిడ నా అక్క కూతురే. సగం నాదని ఒప్పుకున్నాను. వరండాను మాత్రం ఒప్పుకోలేదు.

పరీక్ష రోజు హాలు గుమ్మంలో ఇన్‌చార్జి ఆ డాక్టరు రాసిచ్చిన చీటీ రెండుసార్లు చదివాడు.

"పుట్టుకతోనే అంటే ఇగ తగ్గదు గదా?"

"తగ్గదు సార్. అంటదు గూడ. లోపలనే రాస్తది."

చీటీ తిరిగి నా చేతిలో పెట్టి పక్కకు జరిగాడు. అమ్మాయి లోపలికి వెళ్లింది. మూడు గంటలూ నేను కిటికీ బయటే నిలబడ్డాను.

బయటికి రాగానే చెప్పింది: "నలభై మూడుసార్లు దగ్గిన నాయినా."

నా లెక్కలో నలభై ఒకటే వచ్చాయి. ఆమె లెక్కే ఖాయం చేశాను.

"ముందు బెంచీ పిల్ల మొదట్ల రెండుసార్లు ఎనకకు చూసింది, తర్వాత చూసుడు మానేసింది. ఎల్లుండి పేపర్‌కు గూడ గా బెంచీలనే కూసుంట."