పాణి చేతి కడియం

పెళ్లిళ్లలో డ్రోన్ ఎగరేసే సారంగపాణి, దాన్ని పైకి పంపే ముందు రెండు చేతులా పట్టుకొని, గుళ్లో ఆత్మప్రదక్షిణ చేసినట్టు తన చుట్టూ తాను మెల్లగా తిరుగుతాడు. డ్రోన్‌లోని దిక్సూచి కుదరాలంటే అలా తిరగాలి. కిందటి నెల ధర్మసాగర్ చెరువు మీద సిగ్నల్ పోయి పాత డ్రోన్ నీళ్లపాలైతే, దిష్టి తగిలిందని తల్లి సమ్మమ్మ కమ్మరితో ఇనుప కడియం చేయించి అతని చేతికి తొడిగింది.

మొన్న శివనగర్‌లో బరాత్ బయల్దేరే వేళకు కొత్త డ్రోన్ మొరాయించింది. ఉపగ్రహాల సిగ్నల్ అందుతోంది గాని దిక్సూచి తప్పు చూపిస్తోంది. కరెంటు తీగలకు దూరంగా జరిగాడు, బ్యాటరీ తీసి పెట్టాడు, మళ్లీ తిరిగాడు. పెళ్లికొడుకు తండ్రి లింగమూర్తి వచ్చి, "జర జల్ది కానియ్యి పాణీ, గుర్రం ఆగుతలేదు" అన్నాడు. "ఒక్క నిమిషం కాకా" అంటూ చెమట తుడుచుకోబోతే నుదుటికి కడియం చల్లగా తగిలింది. ఇనుము దగ్గరుంటే దిక్సూచి దారి తప్పుతుందని పదిమందికి చెప్పేవాడే పాణి. కడియం తీసి దూరంగా కుర్చీ మీద పెట్టి, ఇంకోసారి తిరిగాడు. పచ్చ లైటు వెలిగింది, డ్రోన్ లేచింది.

బరాత్ అయిపోయాక తల్లి ఫోన్ చేసింది. "మంచిగ ఎగిరిందా బిడ్డా?"

"ఎగిరిందవ్వా."

"నేను చెప్పలే? అంత కడియం మహిమ."

"అవునవ్వా" అన్నాడు పాణి, కుర్చీ మీది కడియం తీసి చేతికి తొడుక్కుంటూ.