మా వీధి కోళ్ల కాంపౌండరు గారు

కాంపౌండరు గారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆటోనగర్‌లో మా స్పేర్ పార్ట్స్ కొట్లో ఉన్నాను. పక్క షెడ్డులో లారీ ఛాసిస్ మీద సుత్తి దెబ్బలు పడుతున్నాయి. మా ఊరి మూలింటి నాగమణి గారు ఫోన్లో ఏదో అంటున్నారు, నాకు ఒక్క ముక్క వినబడటం లేదు. రోడ్డు మీదికొచ్చి రెండో చెవి మూసుకుని విన్నాను. "పొద్దున కాఫీ తాగారంట, అలాగే కుర్చీలో వాలిపోయారంట నాయనా" అన్నారావిడ. ఎనభై దాటిన మనిషి, మంచాన పడకుండా దాటిపోయారు, పుణ్యాత్ముడన్నారు అందరూ. కొట్టు మూసేసి పామర్రు బస్సెక్కి కూర్చున్నాక, ఏడవాల్సింది పోయి నాలో నేనే నవ్వుకోవడం మొదలుపెట్టాను. పక్క సీటాయన నన్ను రెండుసార్లు అనుమానంగా చూశాడు. ఏం చెయ్యను, ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ హుషారు పుట్టుకొస్తుంది! ఆ హుషారులోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత గేదెల్ని డాక్టర్లకి వదిలేసి, ఊళ్లో కోళ్ల బాధ్యత తన నెత్తిన వేసుకున్నారు. "గేదెకి జబ్బు చేస్తే డాక్టరు కోసం పరిగెడతారు, కోడికి జబ్బు చేస్తే మసాలా కోసం పరిగెడతారు. మరి కోడి తరఫున అడిగేవాళ్లెవరండీ?" అనేవారు. పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని వీధంతా తిరిగేవారు. ఎవరి గుమ్మం ముందు ఆగినా చూపు ముందు కోడిరెట్ట మీదికే పోయేది. "మీ కోళ్లు బాగున్నాయా?" అయ్యాకనే "పిల్లలు బాగున్నారా?" అనేది. ఎవరింటికి వెళ్లినా లోపలికి అడుగుపెట్టే ముందు కాళ్లు కడుక్కునేవారు, బయటికొచ్చేటప్పుడు మళ్లీ కడుక్కునేవారు. ఇదేం చాదస్తమండీ అని ఒకసారి అడిగాను. "వచ్చేటప్పుడు కడుక్కునేది మీ కోళ్ల కోసం, వెళ్లేటప్పుడు కడుక్కునేది పక్కింటి కోళ్ల కోసం" అన్నారు. చెంబుతో నీళ్లు నాచేతే పోయించుకున్నారు కూడా.

నాకు పిట్టల పిచ్చి. మూడేళ్ల కిందట బెజవాడలో ఒక పక్షుల కొట్లో బంగారు రంగు ఫెజెంట్ల జత చూసి మతిపోయింది. కొన్నాను, తెచ్చాను, పెరట్లో వల కట్టి వదిలాను. పుంజు సంగతి ఏం చెప్పను! తల మీద పసుపు జుట్టు, ఎర్రటి పొట్ట, మూరెడు తోక. ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది. నేను కాలరెగరేసుకుని తిరిగాను. కాంపౌండరు గారు కూడా వచ్చారు, కాళ్లు కడుక్కున్నారు, వల దగ్గర చాలాసేపు కూర్చున్నారు. "ఇది కూడా కోడి జాతేనండీ. పట్టుబట్టలు కట్టుకున్న కోడి. నాటుకోళ్లని ఈ వల దగ్గరికి రానివ్వకండి, నీళ్ల గిన్నె కూడా వేరే పెట్టండి" అన్నారు. నా ఫెజెంట్లని పట్టుకుని కోడి అంటారా అని నాకు ఉక్రోషం వచ్చింది. తలూపాను కానీ, ఆ సలహా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

ఆ ఏడే మా ఆవిడకి రెండో కాన్పు మా ఇంట్లోనే అయింది. మా వైపు బాలింతకని పుట్టింటివాళ్లు నాటుకోడి పెట్టని తెస్తారు. మా అత్తగారు కూడా నిగనిగలాడే నల్లపెట్టని సంచిలో పెట్టుకుని బస్సు దిగారు. పదకొండో రోజు దాకా దాన్ని కొయ్యరు కదా, అందాకా మా తొమ్మిది కోళ్లలో కలిపేశాను. మర్నాడు పొద్దున గేటు బయట నుంచే కాంపౌండరు గారు పట్టేశారు.

"కొత్త కోడి కనబడుతోంది?"

"అత్తగారు తెచ్చారండీ."

"ఎవరు తెచ్చినా సరే, మూడు వారాలు దూరంగా, విడిగా ఉంచండి."

"అత్తగారు తెచ్చిన కోడిని తీసుకెళ్లి దూరంగా కట్టేస్తే, ఆవిడ మొహం ఎలా చూడనండీ?"

"ఆవిడ మొహం ఎప్పుడైనా చూడొచ్చండీ. కోళ్ల మొహం మళ్లీ చూడలేరు" అని వెళ్లిపోయారు.

నేను చెయ్యలేదు. ఐదో రోజుకి నల్లపెట్ట నోరు తెరిచి ఎగశ్వాస పీల్చింది. ఇంకో రెండు కోళ్లు రెక్కలు వేలాడేసి, ఆకుపచ్చ రెట్ట వేసి, మూలకి చేరాయి. ఆరో రోజు పొద్దున వల్లో నా బంగారు పుంజు చచ్చిపడి ఉంది. అప్పుడు నేను చేసిన ఘనకార్యం వినండి. దాన్ని రెండు చేతుల్లో ఎత్తుకుని, వీధి వెంట ఏడుస్తూ కాంపౌండరు గారింటికి పరుగు తీశాను! ఆయన అరుగు మీద నుంచి చూసి, ఆ వయసులో అంత గొంతు ఎక్కడిదో గానీ, "ఆగండక్కడ! ఇంకొక్క అడుగు వేశారంటే ఊరుకోను!" అని గావుకేక పెట్టారు. నేను రోడ్డు మీదే బిగుసుకుపోయాను. దూరం నుంచే అడగాల్సినవన్నీ అడిగారు. "కొక్కెర తెగులు" అన్నారు. చచ్చినవాటిని కాలవలో పడేసే అలవాటు మా ఊళ్లో అందరికీ ఉంది. "కాలవలో వేస్తే మన జబ్బుని కింది ఊళ్లకి పార్సిల్ కట్టి పంపినట్టే. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పాతిపెట్టండి. స్నానం చేసి, బట్టలు ఉడకేసి, అప్పుడు వీధికి చెప్పండి" అన్నారు.

గొయ్యి తీయడం తేలికే. వీధికి చెప్పడం దగ్గరే వెనకాడాను. కోళ్లకి తెగులొస్తే మా వైపు ఎవరూ బయటికి చెప్పరు. మీ వల్లే వచ్చిందంటారని భయం. నలతగా ఉన్నదాన్ని కూర వండేస్తారు, నడుస్తున్నదాన్ని సంతలో అమ్మేస్తారు, తలుపులేసుకుని కూర్చుంటారు. వారం తిరిగేసరికి వీధిలో కూత వినబడదు. మా వీధిలో నాగమణి గారికి నలభై కోళ్లున్నాయి. భర్త పోయాక ఆవిడ ఇల్లు నడిచేది ఆ గుడ్ల మీదే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఫోన్లో మెసేజ్ టైపు చేసి, చెరిపి, మళ్లీ టైపు చేసి చెరిపాను. చివరికి గేటు దగ్గరికొచ్చిన కాంపౌండరు గారితో, మన వీధి గ్రూపులో పెడతానండీ అని నసిగాను.

"గ్రూపు చూసేవాళ్లకి కోళ్లు లేవు, కోళ్లున్నవాళ్లు గ్రూపు చూడరు" అన్నారాయన. "ఇంటింటికీ మాత్రం వెళ్లకండి, మీ కాళ్లతోనే జబ్బు వెళ్తుంది. రోడ్డు మధ్యలో నిలబడి అరవండి."

"అత్తగారు తెచ్చిన కోడి వల్ల అని కూడా చెప్పాలాండీ?"

"ఎలా వచ్చిందో ఎవరిక్కావాలి? వచ్చిందని చెప్పండి చాలు."

నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోతూ అరిచాను. "మా ఇంట్లో కోళ్లకి తెగులండీ! మీ కోళ్లని వదలకండి!" ఒక్కసారి తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఒకాయన అప్పటికప్పుడు కోళ్లని గోనెసంచిలో కుక్కి సంతకి బయల్దేరబోతే కాంపౌండరు గారు బండికి అడ్డంగా నిలబడ్డారు. నాగమణి గారు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అంతలో మా అత్తగారు, మనవడిని చంకనేసుకుని గేటు దగ్గరికొచ్చి, "ఆయన్నెందుకమ్మా తిడతారు? ఆ కోడిని తెచ్చింది నేను!" అని నాకంటే గట్టిగా అరిచారు. వీధి వీధంతా గొల్లుమంది. ఆ నవ్వుతో సగం కోపం దిగిపోయింది.

మర్నాడు తెల్లారుతుండగా, కోళ్లింకా గంపల కిందే ఉండగా, పని మొదలైంది. పామర్రు ఆసుపత్రి నుంచి ఫ్లాస్కులో ఐసు పెట్టి తెచ్చిన కంటిచుక్కల టీకా. నన్ను గేటు దాటొద్దన్నారు, అయినా గోడెక్కి చూస్తూనే ఉన్నాను. మా ఇంటికి అన్నిటికంటే దూరంగా ఉన్న ఇంటి నుంచి మొదలుపెట్టారు. బాగున్న ఇల్లు ముందు, జబ్బున్న ఇల్లు చివర, అదీ ఆయన లెక్క. ఒకరు పట్టుకోవాలి, ఆయన చుక్క వెయ్యాలి. "కన్ను మూసి తెరిచేదాకా వదలకండమ్మా!" ఒకటే రెక్కల చప్పుడు, ఒకటే కేకలు, పిల్లల ఉరుకులు. పెళ్లివారిల్లు కూడా అంత సందడిగా ఉండదు! నాగమణి గారి నలభై కోళ్లూ అయ్యేసరికి ఆయన బనీను చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. మా గేటు దగ్గరికొచ్చి మాత్రం సీసా మూత బిగించేశారు. "జబ్బు పడ్డదానికి టీకా పనిచెయ్యదండీ. మీరు సేవ చెయ్యాలంతే."

ఆ సేవ ఎలాగో గేటు బయట నుంచే నేర్పారు. ఫెజెంట్ పెట్ట ఒకటి మిగిలింది కదా. "ఊరికే పట్టుకోకండి, ఈ జాతి జబ్బుతో సగం, భయంతో సగం చస్తుంది" అన్నారు. అట్టపెట్టెలో ఊక పోసి, ఒక పక్క బల్బు పెట్టి, పైన గాలాడేలా గోనె కప్పి, ఓఆర్ఎస్ నీళ్లు ముక్కు అంచున ఒక్కో చుక్క తగిలించాను. కొట్టుకి వెళ్లలేదు. నాలుగో రోజు తనంతట తాను గింజ ముట్టింది. నేను కేక పెడితే చంటాడు లేచి ఏడ్చాడు. దాని మెడ కాస్త వంకరగా మిగిలింది గానీ, మనిషిని చూస్తే ఇప్పటికీ వీరావేశమే. నా తొమ్మిదింటిలో ఆరు పోయాయి, అత్తగారి నల్లపెట్టా పోయింది. నాగమణి గారికి రెండంటే రెండు పోయాయి. నెల తర్వాత ఆవిడ మా అత్తగారి చేతికి గుడ్ల బుట్ట ఇస్తూ, నా వైపు తిరిగి, "ఆరోజు నువ్వు నోరు మూసుకునుంటే నేను అన్నం మానేసేదాన్ని నాయనా" అన్నారు. కాంపౌండరు గారికి ఈ మాట చెబితే, చిన్నపిల్లాడిలా నాచేత మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు.

ఆయన పోవడానికి రెండు నెలల ముందు, ఒక ఆదివారం పొద్దున. నేను ఫెజెంట్‌కి నీళ్లు మారుస్తున్నాను. రోడ్డు మీద ఎవరో అరుస్తున్నారు. గేటు తీసి చూస్తే ఆయనే. బనీను, లుంగీ, చేతిలో కర్ర, సరిగ్గా వీధి మధ్యలో.

"మా ఇంట్లో కోడికి తెగులండీ! కాంపౌండరు ఇంట్లోనే! కాళ్లు సాగక ఈసారి టీకాకి వెళ్లలేదు, మిమ్మల్ని అడగడానికి మొహమాటపడ్డాను. తప్పు నాది. మీ కోళ్లని మూసుకోండి!"

గొంతు జీరపోయింది, కర్ర మీదికి ఒరిగిపోతున్నారు. నేను పరిగెత్తి పట్టుకోబోతే కర్రతోనే ఆగమని సైగ చేశారు. మూలింట్లో నాగమణి గారి గంప దబ్బున కిందికి దిగింది. పక్కింట్లో ఇంకోటి, ఎదురింట్లో ఇంకోటి. ఆయన తల పక్కకి వంచి ఒక్కొక్క చప్పుడే వింటున్నారు. వీధి చివరి ఇంటి గంప కూడా నేలకి తగిలేదాకా, ఎండెక్కుతున్నా, ఆయన రోడ్డు మధ్యలోంచి కదల్లేదు.