వరద కవితలో నేను రాసిన పేరు

స్వర్ణముఖికి వరద వచ్చిన ఏడు నేనో కవిత రాశాను. తిరుచానూరులో మా పక్కింటాయన ఏటి అవతల కట్టేసిన ఆవును విప్పుకుని రావడానికి వెళ్ళి, తిరిగి వస్తూ నీళ్ళలో కొట్టుకుపోయాడు. కవిత ఆయన మీదే. చివర్లో ఆయన నడి ఏట్లోంచి భార్యను పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పేరును పంక్తికొకసారి చొప్పున మూడుసార్లు పేర్చాను. తిరుపతి సభలో చదివితే వెనక వరసల్లో ముక్కులు చీదిన చప్పుడు వినబడింది. శాలువా కప్పారు. దుఃఖంలోంచి ప్రేమను తవ్వి తీశానని అధ్యక్షులవారు మెచ్చుకుంటే సిగ్గు లేకుండా తల ఊపాను.

జరిగింది వేరు. ఆ పొద్దు గట్టున ఉన్నది నేనొక్కడినే. ఆయన తుమ్మకొమ్మ పట్టుకుని నన్ను చూసే అరిచాడు. "తాడు ఎయ్యప్పా, తాడు" అన్నాడు. మా తోట బావి ఆ గట్టునే ఉంది, గిలకకు తాడూ ఉంది. నా కాళ్ళు కదల్లేదు. కొమ్మ విరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. కవితలో గట్టు ఉంది, తుమ్మచెట్టు ఉంది, నేను లేను.

కవిత పత్రికలో పడ్డాక ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. అమ్మవారి గుడి ముందు పూలమ్ముతుంది. కట్టాల్సిన మల్లెలు ఒళ్ళోనే ఉన్నాయి. కూతురి చేత చదివించుకుందట.

"తమ్ముడా, పెండ్లయి ఇరవై ఏండ్లాయె. ఏమే అనేవాడు, లేకుంటే పాపోళ్ళమ్మా అనేవాడు. నా పేరు ఆయన నోట ఒక్కనాడూ వినలా. నువ్వు రాసినావంటే విన్నట్టే గదా, ఆ పొద్దు నిజంగా పిలిచినాడా?"

మా వైపు ఆ వయసు మగవాళ్ళు భార్యను పేరు పెట్టి పిలవరు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. పాదం బాగా కుదిరిందని ఉంచేశాను. ఇప్పుడు నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఆమె ముఖం చూశాక, "పిలిచినాడక్కా" అన్నాను. అది జాలో, పిరికితనమో నాకు ఇప్పటికీ తేలలేదు.

"గట్టిగానా?"

"గట్టిగానే."

ఆమె పూలు పక్కన పెట్టింది. "ఎట్ల పిలిచినాడో ఒకసారి పిలిచి సూపించు తమ్ముడా."

నా చెవుల్లో తాడు అన్న మాటే వినిపిస్తోంది. గొంతు పెంచి ఆమె పేరు పిలిచాను.

"ఆ, వస్తా ఉండా" అని పలికింది.